మణికట్టు మీది మైలురాయి

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలుచుండి నీళ్లు త్రాగుట మేలని తెలుగువారి సామెత. దీనిని పుట్టించినవాడు తప్పక ప్రభుత్వోద్యోగియై యుండునని హాస్యమాడువారు కలరు. ఫైళ్లు ఒక గదినుండి మరియొక గదికి నడచుచునే యుండును గాని, వానిని నడపువాడు మాత్రము కుర్చీ విడువడు. ఇట్లు ముప్పది సంవత్సరములు కొలువు చేసినవారిలో ననేకులకు ఏబదియవ యేట రక్తపు పోటో, మధుమేహమో కనబడును. అప్పుడు వైద్యుడు చెప్పు మొదటి మాట ‘నడువుడు’ అని. రెండవ మాట ‘ఎంత నడచితిరో లెక్క వ్రాసికొనుడు’ అని. మొదటి మాట పాటించుటకు ఒక జత చెప్పులు చాలును. రెండవ మాటకొరకు నేటి కాలమున మణికట్టునకు కట్టుకొను జీపీఎస్ గడియారము వచ్చినది.

కొత్త ఢిల్లీలోని లోడీ ఉద్యానవనమున ఉదయము ఆరు గంటలకు నిలుచుండి చూచినచో ఈ గడియారములు తెచ్చిన వింత తగవు ఒకటి వినవచ్చును. ఒకే ద్వారమున ప్రవేశించి, గుమ్మటముల చుట్టును ప్రక్కప్రక్కనే నడచి, మరల అదే ద్వారము కడకు వచ్చిన ఇరువురు మిత్రులు ముంజేతులు జతచేసి చూచుకొందురు. ఒకరి గడియారము 5.12 కిలోమీటర్లు అనును, రెండవవారిది 4.86 అనును. తక్కువ వచ్చినవారికి చిన్నతనము; ఎక్కువ వచ్చినవారికి అనుమానము. గడియారము ఖరీదు, దానిని పంపిన కుమారుని ఉద్యోగము, అమెరికాలో కొన్నదా, ఇచ్చటనే కొన్నదా అను విషయములన్నియు చర్చకు వచ్చును. ఇరువురును నడచినది ఒకే త్రోవ యనునది మాత్రము ఎవ్వరికిని తృప్తి కలిగింపదు.

ఇది కేవలము విలాసపు తగవని కొట్టివేయరాదు. ఆ ఇరువురిలో ఒకరికి గుండెకు చికిత్స జరిగియుండవచ్చును. దినమున కింత దూరమే నడువవలెనని, అంతకు మించరాదని వైద్యుడు నియమము పెట్టియుండవచ్చును. రెండవవారు రాత్రి పదిన్నరకు అడుగుల లెక్క పూర్తికాలేదని భోజనమైన పిమ్మట హాలులో సోఫా చుట్టును ప్రదక్షిణములు చేయువారై యుండవచ్చును. ఇట్టివారిని ప్రతి ప్రభుత్వ క్వార్టర్లలోను చూడవచ్చును. ఒక అంకె మనుష్యుని లేపుచున్నది, నడిపించుచున్నది, ఒక్కొక్కప్పుడు బాధించుచున్నది. ఆ అంకె ఎట్లు పుట్టుచున్నదో తెలియుట అవసరము.

దూరమును కొలుచుట పూర్వము ఎంతటి పనియో ఒక్క ఉదాహరణము చాలును. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసునందలి సెయింట్ థామస్ మౌంట్ సమీపమున ఏడున్నర మైళ్ల సరళరేఖ నొకదానిని నూరడుగుల ఉక్కు గొలుసుతో కొలిచెను. ఎండకు ఉక్కు సాగునని గొలుసుమీద నీడ పట్టించి, ఉష్ణమును గుర్తించుచు కొలిచెను. ఆ ఏడున్నర మైళ్లకు 57 దినములు పట్టినవి. భారతదేశ మహా త్రికోణమితీయ సర్వే అని పేరొందిన కార్యము ఆ రేఖ మీదనే మొదలైనది.

గొలుసు పరచుటకు వీలులేని చోట్లు గలవు. టిబెట్టు అట్టిది. పరదేశపు సర్వేయరు కనబడినచో అచ్చట ప్రాణాపాయము. అందుచే సర్వే శాఖవారు కుమావూఁ కొండలలోని మిలమ్ గ్రామమునకు చెందిన నైన్ సింగ్ రావత్ అను బడిపంతులును ఎన్నుకొనిరి. డెహ్రాడూన్‌లో ఆయనకు ఇచ్చిన శిక్షణలో ముఖ్యమైనది నడక. మెట్టయినను, పల్లమయినను, చదునయినను అడుగు నిడివి మారకుండ నడచుట నేర్పిరి. చేతికొక జపమాల నిచ్చిరి. జపమాలకు 108 పూసలుండుట ఆచారము. ఈ మాలకు నూరు పూసలే. నూరడుగులకొక పూస జరుపవలెను. మాల ఒక చుట్టు తిరిగినచో పదివేల అడుగులు, అనగా రమారమి ఐదు మైళ్లు. చేతిలోని ప్రార్థనాచక్రమున మంత్రముల కాగితమునకు బదులు లెక్కల కాగితము దాగియుండెడిది. 1865లో బయలుదేరి, 1866 జనవరిలో లాసా చేరి, సుమారు 1,200 మైళ్లు ఈ విధముగ అడుగు అడుగునకు లెక్కించి ఆయన తిరిగివచ్చెను. 1877లో లండనులోని రాయల్ జియొగ్రాఫికల్ సొసైటీ ఆయనకు స్వర్ణపతక మిచ్చినది. తన నడకను తన చేతిమీదనే లెక్కించుకొన్నవారిలో ఆయనకంటె గొప్ప ప్రభుత్వోద్యోగి మరియొకడు కనబడడు. ప్రయాణభత్యపు బిల్లులో ఆయన ఎన్ని మైళ్లు వ్రాసెనో, వానిని ఆడిటువారు అంగీకరించిరో లేదో చరిత్రకారులు చెప్పలేదు.

ఆ పూసల మాలకును నేటి గడియారమునకును భేదమేమి? మాల అడుగులను లెక్కించినది. జీపీఎస్ గడియారము అడుగులను చూచి దూరము చెప్పదు. స్థానములను చూచి చెప్పును. అడుగుల లెక్కకు దానిలో వేరొక చిన్న యంత్రము కలదు. చేయి ఊగుటను బట్టి అది లెక్కించును. కూరగాయల సంచి మోయుచు నడచినప్పుడును, పసిపిల్లల బండి త్రోయుచు నడచినప్పుడును చేయి ఊగదు గావున అడుగులు తగ్గిపోవును. ఇంటి పనిచేయు ఇల్లాలి శ్రమను ఈ గడియారముకూడ తక్కువగనే లెక్కించుచున్నదన్న మాట.

స్థానము తెలిసికొను పద్ధతిని ఒక పల్లెటూరి దృష్టాంతముతో చెప్పవచ్చును. చీకటి రాత్రి ఒకడు పొలములలో దారి తప్పెను. చుట్టును మూడు గ్రామములందు మూడు గుళ్లు. వానిలో సరిగా తొమ్మిది గంటలకు గంట కొట్టుదురని అతడెరుగును. ధ్వని సెకండుకు సుమారు 340 మీటర్లు పోవును. ఒక గుడి గంట మూడు సెకండ్లు ఆలస్యముగ వినబడినచో ఆ గుడి రమారమి ఒక కిలోమీటరు దూరమున నున్నదని అర్థము. రెండవ గంట, మూడవ గంట ఎంత ఆలస్యముగ వినబడెనో తెలిసినచో అతడు నిలుచున్న చోటు ఒక్కటే యగును. జీపీఎస్‌లో గుళ్లు ఆకాశమున నున్నవి. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున, దినమునకు రెండు పర్యాయములు భూమిని చుట్టివచ్చు ఉపగ్రహములవి. 24 ఉన్నచో పని జరుగును, అంతకంటె నెక్కువయే తిరుగుచున్నవి. గంటకు బదులు రేడియో తరంగము. నెత్తిమీద నున్న ఉపగ్రహమునుండి కూడ ఆ తరంగము వచ్చుటకు సెకండులో పదునైదవ వంతు పట్టును.

ఇచ్చట ఒక చిక్కు గలదు. కాంతివేగముతో పోవు తరంగము సెకండులో పది లక్షలవ వంతు కాలములో 300 మీటర్లు పోవును. ఉపగ్రహములో అణుగడియారము లున్నవి గావున వానికి ఆ సూక్ష్మత కలదు. చేతి గడియారములో నున్నది సామాన్యమైన క్వార్ట్జ్. దారి తప్పినవాని చేతి గడియారమే తప్పైనచో మూడు గుళ్ల గంటలును తప్పుగనే వినబడును గదా! అందుచే నాలుగవ ఉపగ్రహము కావలయును. మూడు స్థానమును తెలుపగా, నాలుగవది వినువాని గడియారపు దోషమును పట్టి యిచ్చును. ఇంతటితో ముగియలేదు. ఉపగ్రహములు వేగముగ తిరుగుటవలన వాని గడియారములు కొంత వెనుకబడినను, భూమ్యాకర్షణ అచ్చట తక్కువగుటవలన మొత్తముమీద అవి భూమిమీది వానికంటె దినమునకు సెకండులో పది లక్షలవ వంతులు 38 చొప్పున ముందుకు పోవును. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతము ననుసరించి దానిని దిద్దకున్నచో ఒక్క దినములో పది కిలోమీటర్లకు మించి దోషము పేరుకొనును. పార్కులో నడచువాడు ఐన్‌స్టీన్‌ను మణికట్టున కట్టుకొని నడచుచున్నాడనుట అతిశయోక్తి కాదు.

ఈ వ్యవస్థ అమెరికా రక్షణశాఖవారిది. మొదటి ఉపగ్రహము 1978లో పైకి పోయినది. 1995 నాటికి వ్యవస్థ సంపూర్ణమైనది. చాలకాలము సామాన్య ప్రజల కొరకైన సంకేతములో వారు బుద్ధిపూర్వకముగ దోషము కలిపిరి. స్థానములో నూరు మీటర్ల తేడా రాగలిగెడిది. ఆ రోజులలో లోడీ తోటలో నడచువానిని ఆ యంత్రము ప్రక్కనున్న ఇండియా ఇంటర్నేషనల్ సెంటరులో ఫలహారము చేయుచున్నట్లు చూపగలిగియుండెను. 2000 మే నెల మొదట ఆ దోషమును తొలగించిరి. అంతకు ముందే 1999లో కాసియోవారు జీపీఎస్ చేతిగడియారమును తెచ్చిరి. 2003లో గార్మిన్‌వారు పరుగెత్తువారి కొరకే ఫోర్‌రన్నర్ అను దానిని తెచ్చిరి. అది మణికట్టున చిన్న పెట్టె కట్టినట్లుండెడిది. తరువాతి కథ శ్రోతల చేతులమీదనే యున్నది.

ఇక లోడీ తోట తగవునకు వత్తము. ఇప్పటికిని విశాలమైన ఆకాశము క్రింద సామాన్య పరికరములలో కొన్ని మీటర్ల దోషముండును. చెట్ల గుబురులోను, ఎత్తైన మేడల నడుమను అది పెరుగును. గుడి గంట తిన్నగా వినబడక, కొండకు తగిలి ప్రతిధ్వనిగా వచ్చినచో వినువాడు గుడి మరింత దూరమని భ్రమపడును గదా. బారఖంబా రోడ్డు మేడల నడుమ జరుగునది యిదే. నడచువాడు కాలిబాట మీద తిన్నగా పోవుచుండగా, గీసిన పటములో అతడు కార్యాలయ భవనములలో దూరి గోడలు చీల్చుకొని వెలువడినట్లు కనబడును.

గడియారము చేయు పని బిందువులను గుర్తించి, వానిని చిన్న చిన్న సరళరేఖలతో కలిపి, ఆ రేఖల నిడివిని కూడుట. ఒకడు నూరు మీటర్లు తిన్నగా నడచెననుకొందురు గాక. పది మీటర్లకొక బిందువు. ఒకటి త్రోవకు రెండు మీటర్లు ఎడమగను, మరియొకటి రెండు మీటర్లు కుడిగను పడినది. అప్పుడు ఒక్కొక్క రేఖ పది మీటర్లు గాక 10.77 మీటర్లగును. నూరు మీటర్ల త్రోవ 108 మీటర్లకు సమీపించినది! ఐదు కిలోమీటర్ల నడకకు 385 మీటర్లు ఊరకే కలిసినవి. గడియారములలో ఈ వంకరలను సరిచేయు గణితము కలదు గావున వాస్తవముగ ఇంత రాదు. కాని దోషము ఏ వైపున లాగునో దీనివలన తెలియును. వంపు త్రోవలో దీనికి వ్యతిరేకము. 400 మీటర్ల పరుగు బాటలో ఒక వంపు నిడివి సుమారు 115 మీటర్లు. ఆ వంపునకు మొదట, నడుమ, చివర మాత్రమే బిందువులు పడినచో సరళరేఖలు మూలలను కోసివేయును. 104 మీటర్లే వచ్చును. లోడీ తోటలో చెట్లు దూరమును పెంచును, వంపులు తగ్గించును. ఒక కంపెనీ గడియారము వంకరలను ఎక్కువగ నునుపు చేయును. మరియొకటి తక్కువగ చేయును. 5.12 అనునదియు 4.86 అనునదియు రెండును అబద్ధములు కావు, రెండును అంచనాలు. దశాంశ స్థానములు రెండు చూపుట మాత్రము గడియారముల గడుసుదనము.

పరుగు పందెములందు ఈ అజ్ఞానమువలన నిర్వాహకులకు నిందలు తప్పుట లేదు. ముంబైలో 2004నుండియు, ఢిల్లీలో 2005నుండియు పెద్ద పందెములు జరుగుచున్నవి. 21.0975 కిలోమీటర్ల అర్ధ మారథాన్ పూర్తిచేసినవాని గడియారము 21.4 అని చూపినచో ‘మూడు వందల మీటర్లు అన్యాయముగ పరుగెత్తించిరి’ అని అతడు మొరపెట్టును. అంగీకృతమైన పందెపు త్రోవలను గడియారముతో కొలువరు. నిడివి ముందే తెలిసిన నేలమీద సరిచూచుకొన్న సైకిలుతో, చక్రపు చుట్లను లెక్కించు పరికరము బిగించి కొలుతురు. మూలలలో అంచునకు 30 సెంటీమీటర్ల దూరమున, అనగా పరుగెత్తువాడు పోదగిన అతి దగ్గర త్రోవను కొలుతురు. పైగా త్రోవ పొరబాటున కూడ తక్కువ కారాదని వేయింటికి ఒకటి చొప్పున కలుపుదురు. పూర్తి మారథానులో అది 42 మీటర్లు. వేలమంది నడుమ ప్రక్కలకు తప్పుకొనుచు, మంచినీటి బల్లలవైపు మళ్లుచు పరుగెత్తువాడు ఆ సన్నని రేఖమీద ఎన్నడును పోలేడు. అతడు నిజముగనే ఎక్కువ పరుగెత్తెను, త్రోవయు సరియైనదే.

పదివేల అడుగుల మాట చెప్పవలసియున్నది. సోఫా చుట్టును ప్రదక్షిణములకు మూలము ఈ అంకెయే. ఇది వైద్యశాస్త్రమునుండి పుట్టినది కాదు. 1964 టోక్యో ఒలింపిక్ క్రీడల పిమ్మట జపానులో నడకమీద ఉత్సాహము పెరుగగా, 1965లో యమాసా అను కంపెనీవారు నడుమునకు తగిలించుకొను అడుగుల యంత్రము నొకదానిని విక్రయించిరి. దాని పేరు మాన్‌పోకెయ్. పదివేల అడుగుల కొలమాని యని అర్థము. పేరు నిండుగ నున్నది, అంకె గుండ్రముగ నున్నది, లోకమంతయు పట్టుకొన్నది. సరిగా నూరు సంవత్సరములకు ముందు, 1865లో, నైన్ సింగ్ పూసల మాల ఒక చుట్టు తిరిగిన నయ్యెడిదియు పదివేల అడుగులే యనుట ముచ్చట గొలుపును. ఆయనకు అది దూరపు కొలత, నేటివారికి విధి.

2019లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో సగటున 72 సంవత్సరముల వయస్సుగల 16,741 మంది స్త్రీలను పరిశీలించిరి. దినమునకు సుమారు 2,700 అడుగులు నడచినవారికంటె 4,400 అడుగులు నడచినవారిలో మరణములు స్పష్టముగ తక్కువ. అడుగులు పెరిగినకొలది లాభము పెరిగినది గాని 7,500 దరిదాపులకు వచ్చుసరికి ఆ పెరుగుదల ఆగినది. ఇది పరిశీలనయే గాని ప్రయోగము కాదు; ఆరోగ్యవంతులే ఎక్కువ నడచియుందురని అనువారు అనవచ్చును. అయినను 2,700 నుండి 4,400 అనగా మరి 1,700 అడుగులు. సామాన్యునికి పావుగంట నడక. లిఫ్టు విడిచి మెట్లెక్కువాడు, బస్సు ఒక స్టాపు ముందు దిగువాడు దానిని సంపాదింపగలడు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2020లో ఇచ్చిన సూచనలో అడుగుల ప్రసక్తియే లేదు. పెద్దలకు వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యమ వ్యాయామము చాలునన్నారు. పదివేలు కాలేదని 8,000 అడుగులు నడచిన దినమును వృథా యనుకొనువాడు తన ఆరోగ్యమును జపాను వర్తకుని ప్రకటనతో కొలుచుచున్నాడు.

గడియారము చూడలేనివియు కలవు. నవంబరు, డిసెంబరు మాసములందు ఢిల్లీ గాలి సంగతి ఇచ్చటివారికి చెప్పనక్కరలేదు. కాలుష్య సూచిక 400 దాటినచో ప్రభుత్వమే దానిని తీవ్రమైనదని వర్గీకరించుచున్నది. అట్టి ఉదయమున కూడ గడియారము గణగణలాడి ‘నిన్నటికంటె వెనుకబడితిరి’ అని హెచ్చరించును. దానికి ఊపిరితిత్తులు లేవు. మణికట్టు వెనుక పచ్చని వెలుగుతో నాడిని చూచు ఏర్పాటు కూడ ఒక్కొక్కప్పుడు అడుగుల వేగమునే నాడి వేగముగ భ్రమించును. విశ్రాంతిగ నున్నప్పుడు ఒక మోస్తరుగ పనికివచ్చును గాని ఛాతీలో నొప్పి తోచినప్పుడు ‘గడియారములో అంతయు బాగుగనే యున్నది’ అని కూర్చుండుట ప్రమాదకరము.

తెలుగునేలకు ఈ విషయములో ఒక సంబంధము కలదు. భారతదేశపు స్వంత స్థాననిర్దేశ ఉపగ్రహములు బయలుదేరునది తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట నుండియే. మొదటిది 2013 జులై 1న పైకి పోయినది. 2016లో ఈ వ్యవస్థకు నావిక్ అని పేరు పెట్టిరి. ఈ కథలో కష్టములు లేకపోలేదు. మొదటి ఉపగ్రహములో విదేశములనుండి తెచ్చిన రుబీడియం అణుగడియారములు మూడును చెడిపోయినవి. గడియారము చెడినచో గుడియున్నను గంట లేనట్లే. దానికి బదులుగ 2017 ఆగస్టులో పంపినది కవచము విడివడక వ్యర్థమైనది; 2018 ఏప్రిలులో పంపినది కక్ష్య చేరినది. 2023 మే 29న పంపిన ఎన్‌వీఎస్-01లో స్వదేశమున చేసిన అణుగడియారమును అమర్చిరి. అంతేగాక చేతిగడియారముల వంటి చిన్న పరికరములు సులభముగ వినగల ఎల్1 సంకేతమును దానితో చేర్చిరి. తరువాతి ఉపగ్రహము 2025 జనవరి 29న, శ్రీహరికోట నూరవ ప్రయోగముగ, పైకి పోయినది గాని ఉద్దేశింపబడిన కక్ష్యకు చేరలేకపోయినది. దూరపు కొలత యనగా నిజమునకు కాలపు కొలతయే యని ఈ వృత్తాంతము తెలుపుచున్నది. నెల్లూరు, సూళ్లూరుపేట ప్రాంతపు బంధువులున్నవారు రాకెట్టు లేచునప్పుడు మేడమీదికెక్కి చూచియే యుందురు. అందు పోవు గడియారము ఎప్పుడో తమ మణికట్టునకు కాలము చెప్పునని తలచియుండరు.

తుదకు ప్రభుత్వోద్యోగులకు ముఖ్యమైన సంగతి. ఆకాశమునుండి ఉపగ్రహము మనుష్యుని కనిపెట్టి చూచుచుండునని చాలమంది భయము. అది సరికాదు. గుడి గంట విన్నవాడెవడో గుడికి తెలియదు. జీపీఎస్ గడియారము కూడ వినునే గాని ఉపగ్రహమునకు ఏమియు చెప్పదు. రహస్యము పోవునది ఆకాశమునుండి కాదు, జేబునుండి. గడియారము తాను గీసిన త్రోవను సెల్ ఫోనునకు ఇచ్చును. ఫోను దానిని కంపెనీకి పంపును. కంపెనీ మిత్రులకును, ఒక్కొక్కప్పుడు లోకమునకును చూపును. 2017 నవంబరులో స్ట్రావా అను కంపెనీవారు నూరు కోట్ల నడకలను, పరుగులను, సైకిలు సవారీలను కలిపి ప్రపంచపటము మీద వెలుగు గీతలుగ ప్రచురించిరి. పేర్లు లేవు గావున దోషము లేదనుకొనిరి. 2018 జనవరిలో ఆస్ట్రేలియా విద్యార్థి యొకడు ఆ పటములో అఫ్ఘనిస్తాన్, సిరియా ఎడారుల చీకటి నడుమ చిన్న చిన్న చతురస్రములు వెలుగుచుండుట గమనించెను. అవి సైనిక స్థావరములు. ప్రహరీ వెంట ప్రతి ఉదయమును వ్యాయామముగ పరుగెత్తిన సైనికులే తమ కోట గోడలను వెలుగుతో గీసి శత్రువునకు చూపిరి. ఆ యేడు ఆగస్టులో అమెరికా రక్షణశాఖ యుద్ధప్రాంతములందు ఇట్టి పరికరముల స్థాననిర్దేశమును నిషేధించినది. అయినను 2024లో లె మోండ్ అను ఫ్రెంచి పత్రిక దేశాధ్యక్షుల అంగరక్షకుల పరుగులను బట్టి ఆ అధ్యక్షులు ఎచ్చట బస చేయుదురో కనిపెట్టవచ్చునని చూపినది.

ఈ సభలో కూర్చున్నవారిలో రక్షణ కార్యాలయములలోను, ప్రయోగశాలలలోను, అణుశక్తి శాఖలోను పనిచేయువారు ఉండకపోరు. మధ్యాహ్నపు విరామములో కార్యాలయ ప్రాంగణమున నాలుగు చుట్లు తిరుగుట మంచి అలవాటు. ఆ నాలుగు చుట్లను గడియారము గీసి పంపుట మంచిది కాదు. ఇంటి గుమ్మముకడ మొదలై ఇంటి గుమ్మముకడ ముగియు గీత యజమాని చిరునామాను చెప్పును. ప్రతి దినమును ఒకే వేళకు, ఒకే త్రోవను, ఒంటరిగ నడచు స్త్రీల విషయములో ఇది మరింత జాగ్రత్త పడవలసిన సంగతి. వేళయు త్రోవయు అపరిచితునకు అందరాదు. గీతలను తమకు మాత్రమే కనబడునట్లు చేయు ఏర్పాటు ఫోనులోనే కలదు. ఇంటిలోని పిల్లలను అడిగినచో రెండు నిమిషములలో చేసి పెట్టుదురు. వారు విసుగుకొన్నను అడుగుట తప్పు కాదు. ప్రాంగణములోనికి పోవునప్పుడు గుర్తింపు కార్డు తీయు అలవాటుతోపాటు గడియారపు స్థాననిర్దేశమును ఆపు అలవాటును చేసికొనవచ్చును.

లోడీ తోట మిత్రులు తమ తగవు తీర్చుకొనదలచినచో డెహ్రాడూన్‌లో నైన్ సింగ్ చేసినదే చేయవలెను. నిడివి తెలిసిన నేలను వెదకవలెను. ఏదైన క్రీడాప్రాంగణములో 400 మీటర్ల బాటలో లోపలి వరుసలోనే నడువవలెను. వెలుపలి ఎనిమిదవ వరుసలో నడచినచో ఒక్క చుట్టే సుమారు 453 మీటర్లగును. పది చుట్లు లెక్కించుకొన్నచో నాలుగు కిలోమీటర్లు. అప్పుడు ఒకరి గడియారము 4.11 అనవచ్చును, రెండవవారిది 3.93 అనవచ్చును. ఒక్కసారికి నమ్మక, వేర్వేరు ఉదయములందు మూడు నాలుగు పర్యాయములు చూచి, ఆ అంకెలను డైరీలో వ్రాసికొనవలెను. ఆ పిమ్మట వైద్యుడు అడిగినప్పుడు తమ గడియారము ఎంత ఎక్కువ చెప్పునో, ఎంత తక్కువ చెప్పునో కూడ చెప్పగలరు. చుట్లు లెక్కించుటలో తగవు రాకుండుటకు జేబులో పది గోళీలు వేసికొని చుట్టునకొకటి చొప్పున ఈ జేబునుండి ఆ జేబునకు మార్చుకొనవచ్చును.